పేలనివి

మా నాయనకు ఎడమచెవి లేదు.
ఉండేది గానీ దాంట్లోంచి లోపలికి ఏదీ పొయ్యేది కాదు.
డెబ్బైయొకటి డిసెంబరులో
పద్నాలుగు రాత్రులు ఫిరంగికి గుండ్లందించి
దాన్ని ఆడనే వదిలేసి వచ్చినాడు.
అన్నాలప్పుడు మేమంతా కుడిపక్కకే జరిగేవాళ్ళం.
ఎడమపక్క పీట ఖాళీ.

గాజులమండ్యం ఇనుప మిల్లులో
"మిలిటరీ మనిషివి, తుక్కు చూడు" అన్నాడంట మేనేజరు.
లారీలు లారీలుగా దిగేది తుక్కు:
సైకిలు చట్రాలు, బావి కప్పీలు,
పళ్ళరిగిన చెరుకు గానుగ చక్రాలు,
రేణిగుంట షెడ్డునుంచి రైలుపెట్టె స్ప్రింగులు.
వాటి నడుమ ఏ ఆర్నెల్లకో ఒకటి,
యాడో మైదానంలో పడి
పేలకుండా మిగిలిపోయింది.
అది కొలిమిలో పడకముందే కనిపెట్టాల.
దానికే జీతం.

"దొరికితే ఏం చేస్తావు నాయనా, సుత్తితో తట్టి చూస్తావా?"
"తట్టకూడదు పాపా.
అందర్నీ అవతలికి పొమ్మని
దాని పక్కన కూర్చోవాల.
పోలీసులు వచ్చిందాకా."
"కూర్చోని?"
"బీడీ మాత్రం తాగకూడదు."

తర్వాత రోలింగులో వేసినారు.
ఎర్రటి కడ్డీ పామై దూసుకొస్తే
పట్టకారుతో తల పట్టి వెనక్కి మలిపే పని.
చొక్కాలన్నీ మిడతలు మేసినట్టు చిల్లులు.
మాయమ్మ కన్నెమ్మ వాటికి అతుకులేసి అతుకులేసి
ఒకనాడు విసుక్కుంది:
"యుద్ధంలో కూడా ఇన్ని పళ్ళేదు గదయ్యా నీకు!"
కుడిపక్కనుంచే అనింది.
ఆయన నవ్వినాడు.

దీపావళి రాత్రి ఇంట్లోనే ఉండేవాడు.
తెల్లారి మాత్రం అందరికన్నా ముందు లేచి
బక్కెట్లో నీళ్ళు పట్టుకొని వీధంతా నడిచేవాడు,
వంగి వంగి, పేలనివి ఏరుకుంటా.
వాటిని వెతుక్కుంటా వచ్చిన పిల్లోళ్ళు
తడిసిన టపాకాయలు చూసి తిట్టుకునేవాళ్ళు.
చెంగల్రాయులు తాతకు మతి లేదని.
ఎడమపక్కనుంచి.

తుక్కులో దొరికిన పళ్ళెం ఒకటి ఇంటికి తెచ్చినాడు.
మిలిటరీ పళ్ళెం, అంచు సొట్ట,
అడుగున మేకుతో గీసిన పేరు,
అరవం గాదు, హిందీ గాదు.
చచ్చిందాకా దాంట్లోనే తిన్నాడు సంగటి, ఊరుబిండి.
"ఎవురిది?" అంటే
"ఎవుడో. తినేవాడు గదా" అన్నాడు.
మొన్న కడప రోడ్డు డాబాలో
పంజాబు లారీ డ్రైవరుకు చూపించినా.
ఎండకు పట్టి, వేలితో తడిమి,
"సగం అరిగిపోయింది బెహన్‌జీ" అన్నాడు.
మిగిలిన సగం చదవమని నేనూ అడగలే.

పోయిన రోజు
జెండా ఎవరో సుబేదారు తెచ్చినాడు.
షిఫ్టు దిగి అట్లే వచ్చిన కాదర్‌వలీ
మసి చేతిగుడ్డలు తెచ్చినాడు.
రెండూ కప్పినాము.

అంతకు ముందు సంగతి ఒకటి
ఎవరికీ చెప్పలే.
మూడో నెలలో బిడ్డ పోయినాక
పుట్టింటికి వచ్చి నోరు మూసుకోనుంటి.
అమ్మ అడిగింది, అత్తోళ్ళు అడిగినారు,
అందరూ తట్టి తట్టి చూసినారు.
ఒక సాయంత్రం వసారాలో
ఆ ఖాళీ పీట లాక్కోని
ఆయన ఎడమచెవికి చెప్పినా మొత్తం,
నెత్తురు సంగతి, మొగుడన్న మాట సంగతి,
రైలుకట్ట దాకా నడిచి తిరిగొచ్చిన సంగతి.
ఆయన చెనిగ్గాయలు వొలుచుకుంటా
ఎదురుగా గోడకేసే చూస్తా ఉన్నాడు.
తల తిప్పలే.

చీకటి పడింది. లైటు వెయ్యమన్లే.
బీడీ తీసినాడు,
వేళ్ళ మధ్య కాసేపు తిప్పినాడు,
ముట్టించకుండానే
మళ్ళా చెవి వెనక పెట్టుకున్నాడు.